అసలేది, నకలేది? సైన్స్ ఫిక్షన్ సినిమాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: 'ద థింగ్' అని వెతికితే 1951, 1982, 2011 అంటూ మూడు సినిమాలు వస్తున్నాయి. 1982 నాటిది రీమేక్ అని కొందరు, కాదని కొందరు. మూడూ చూడాలా? చూస్తే ఏ వరసలో? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మూడింటికీ మూలం ఒక్కటే. జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 1938 ఆగస్టులో 'అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్' పత్రికలో, డాన్ ఎ. స్టువర్ట్ అనే కలం పేరుతో అచ్చు వేయించిన 'హూ గోస్ దేర్?' అనే పెద్దకథ. అంటార్కిటికా మంచులో రెండు కోట్ల ఏళ్ళుగా కూరుకుపోయి ఉన్న ఒక జీవిని పరిశోధక బృందం తవ్వి తీస్తుంది. మంచు కరగగానే అది లేస్తుంది. తాను పట్టిన ప్రాణిని అరిగించుకుని, జ్ఞాపకాలతో సహా ఆ ప్రాణే అయిపోవడం దాని గుణం. శిబిరంలో 37 మంది ఉన్నారు. వాళ్ళలో మనుషులెందరు? కథంతా ఈ అనుమానమే.

1951లో హోవర్డ్ హాక్స్ నిర్మించిన సినిమాకు దర్శకుడిగా పడిన పేరు క్రిస్టియన్ నైబీది. పూర్తి పేరు 'ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్'. ఇందులో ఆ అనుమానాన్నే తీసేశారు. చోటు ఉత్తర ధ్రువానికి మారింది. జీవి ఏ రూపమూ మార్చుకోదు. నెత్తురు తాగే మొక్క జాతి ఆజానుబాహువు అది. జేమ్స్ ఆర్నెస్ వేశాడు. కాపలా మనిషి చూసుకోకుండా ఐసు దిమ్మ మీద కరెంటు దుప్పటి కప్పడంతో కరుగుతుంది, చివరికి కరెంటుతోనే చస్తుంది. కథకు ద్రోహం చేసిందే కానీ సినిమాగా చాలా గట్టిది. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతూ పరుగెత్తే సంభాషణలూ, మంచు కింద ఉన్న అంతరిక్ష నౌక అంచు వెంబడి అందరూ చేతులు చాచి నిలబడితే గుండ్రటి ఆకారం తేలే దృశ్యమూ ఇప్పటికీ పాతబడలేదు.

1982లో జాన్ కార్పెంటర్, స్క్రిప్టు రాసిన బిల్ లాంకాస్టర్ ఆ సినిమాను పక్కనపెట్టి కథ దగ్గరికి వెళ్ళారు. అంటార్కిటికా, రూపం మార్చే జీవి, రక్తపరీక్ష అన్నీ తిరిగొచ్చాయి. 37 మందిని 12కు కుదించారు. అది మంచి పని. కథలో ఎవరెవరో గుర్తుంచుకోవడం కష్టం. కాబట్టి దీన్ని 1951 సినిమాకు రీమేక్ అనడం కంటే క్యాంప్‌బెల్ కథకు రెండో తర్జుమా అనడం సబబు. పాత సినిమాకు నమస్కారాలు మాత్రం రెండున్నాయి: తెర కాలిపోతున్నట్టు పేరు పడే తీరు, ఆ జీవిని ముందే తవ్వి తీసిన నార్వే శిబిరం వాళ్ళ వీడియోలో మనుషులు వలయంగా నిలబడ్డ దృశ్యం. ముగింపు ఎవరికీ అరువు పడలేదు. కథలో మనుషులు గెలుస్తారు. కార్పెంటర్ ఆ భరోసా ఇవ్వడు.

2011 నాటిది పేరు అదే పెట్టుకున్నా రీమేక్ కాదు, ప్రీక్వెల్. నార్వే శిబిరంలో ముందు ఏం జరిగిందో చూపి, 1982 సినిమా మొదలయ్యే కుక్క వేట దగ్గర ఆగుతుంది. దీనికోసం తోలుబొమ్మల్లాంటి యాంత్రిక జీవులను నిజంగానే తయారుచేశారు. తర్వాత వాటిలో చాలావాటి మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ పూత వేశారు. రాబ్ బాటిన్ 1982లో రబ్బరుతో, జిగురుతో సెట్టు మీదే చేసినదాని పక్కన పెడితే ఇది తేలిపోవడానికి ముఖ్య కారణం అదే. ఒక ఆలోచన మాత్రం సొంతం, మంచిది కూడా: ఆ జీవి లోహాన్ని నకలు చేయలేదు కనుక, నోట్లో టార్చి వేసి పళ్ళకు పెట్టించుకున్న లోహపు ఫిల్లింగ్ ఉందో లేదో చూస్తారు.

వరస: ముందు కథ, తర్వాత 1982, ఆపైన 1951. ఇంకా తీరిక ఉంటే 2011. కథ మొదటి పేజీల్లో వర్ణన చిక్కగా ఉంటుంది, ఓర్చుకోండి. ఇదే కథకు పొడుగాటి తొలిప్రతి దొరికి 'ఫ్రోజెన్ హెల్' పేరుతో 2019లో వచ్చింది. దానితో మొదలుపెట్టకండి. అందులో అదనంగా ఉన్నది ఎక్కువగా మొదట్లోనే, కథ నడక అక్కడే మందగిస్తుంది.

ప్రశ్న: 1982 సినిమాలో వేడి తీగతో రక్తాన్ని పరీక్షించడం శాస్త్రీయమేనా? (వరంగల్ నుంచి జీవశాస్త్రం విద్యార్థిని)

జవాబు: కథలో రెండు పరీక్షలున్నాయి. మీకు మొదటిదే ఎక్కువ నచ్చుతుంది. మనిషి రక్తాన్ని కొంచెం కొంచెంగా ఒక కుక్కకు ఎక్కిస్తే దాని ఒంట్లో ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఆ కుక్క సీరంలో మనిషి రక్తం కలిపితే తెల్లటి అవక్షేపం పడుతుంది, వేరే జంతువుది కలిపితే పడదు. పౌల్ ఊలెన్‌హూట్ 1901లో రూపొందించిన ప్రెసిపిటిన్ పరీక్ష ఇదే. రక్తపు మరక మనిషిదా, జంతువుదా అని తేల్చడానికి పోలీసులు దీన్ని దశాబ్దాల పాటు వాడారు. కథలో అది ఎందుకు చెడుతుందన్నదే అసలు తమాషా. కుక్కకు రక్తమిచ్చినవాళ్ళు ఇద్దరు. వాళ్ళలో ఒకరు మనిషి కాదు. దాంతో సీరం రెండు రకాల రక్తానికీ స్పందిస్తుంది, పరీక్ష మొత్తం పాడవుతుంది. పరీక్ష పెట్టేవాడి ప్రమాణమే కల్తీ అయితే ఏమవుతుందో క్యాంప్‌బెల్ అంత శుభ్రంగా చూపించాడు.

అప్పుడు వస్తుంది వేడి తీగ. తర్కం ఇది: ఆ జీవిలో ప్రతి ముక్కా విడి ప్రాణే. మనిషి రక్తం బొట్టు తనను తాను కాపాడుకోదు, దాని రక్తం కాపాడుకుంటుంది. సినిమాలో నిల్వ రక్తాన్ని ముందే ఎవరో పాడుచేయడంతో సీరం పరీక్ష అసలు జరగదు, నేరుగా తీగ దగ్గరికి వస్తారు.

లోపం ఎక్కడంటే, అందరి బొటనవేళ్ళనూ ఒకే కత్తితో కోస్తారు. మధ్యలో దాన్ని ప్యాంటుకు తుడుస్తారు. చిన్న కణం చాలు మనిషిని ఆక్రమించడానికి, ఎవరి తిండి వాళ్ళే వండుకోవాలి అని అంతకుముందు అదే సినిమాలో ఒక పాత్ర హెచ్చరిస్తుంది. ఆ లెక్కన ఆ పరీక్షే అందరికీ అంటించాలి. మీ ప్రాక్టికల్స్‌లో ఇలా చేస్తే మార్కులు పడవు.

ప్రశ్న: 'బ్లేడ్ రన్నర్' 117 నిమిషాలని ఎక్కడ చూసినా ఉంది. నా డీవీడీ 112 నిమిషాలకే అయిపోయింది. ఏం కోసేశారు? అసలు నా దగ్గరున్నది ఏ వెర్షనో ఎలా తెలుస్తుంది? (విజయవాడ నుంచి)

జవాబు: ఏమీ కోయలేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మన టీవీలకు వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. పాల్ డీవీడీలో సినిమాను ఆ వేగానికే నడిపిస్తారు కనుక నిడివి 4 శాతం తగ్గుతుంది. 117ను 0.96తో గుణిస్తే 112 నిమిషాల చిల్లర. గొంతులు కూడా రవ్వంత సన్నబడతాయి. ఏ పాత సినిమాకైనా ఈ గుణకారం చేసి చూడండి. లెక్క సరిపోతే కోత లేనట్టే, అంతకన్నా తక్కువైతే అనుమానించాలి. బ్లూరే 24 ఫ్రేములతోనే నడుస్తుంది, అక్కడ ఈ తేడా రాదు.

నిడివి వెర్షన్‌ను పట్టివ్వదు, అన్నీ ఇంచుమించు ఒకటే. గుర్తులు ఇవి. హారిసన్ ఫోర్డ్ గొంతుతో వ్యాఖ్యానం వినబడి, చివర్లో పచ్చటి కొండల మీదుగా కారు వెళ్తే అది 1982 థియేటర్ వెర్షన్. (ఆ కొండల దృశ్యాలు 'ద షైనింగ్' సినిమాకు తీసి మిగిలిపోయిన ఫిల్ము.) వ్యాఖ్యానం ఉండి, కృత్రిమ మనుషులను తయారుచేసే కంపెనీ అధిపతి టైరెల్ హత్య మరీ రక్తసిక్తంగా ఉంటే 1982లోనే విదేశాలకు పంపింది. వ్యాఖ్యానం లేకుండా, పియానో దగ్గర తెల్లటి యూనికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) కల వస్తే 1992 డైరెక్టర్స్ కట్ గానీ, 2007 ఫైనల్ కట్ గానీ. ఈ రెంటినీ విడదీయడానికి పావురం వదిలే దృశ్యం చూడండి. వాన కురిసే రాత్రి నుంచి పావురం ఉన్నట్టుండి నీలాకాశంలోకి ఎగిరితే 1992, చీకటి ఆకాశంలోకి ఎగిరితే 2007. ఇంకో గుర్తు: పారిపోయిన కృత్రిమ మనుషులు ఆరుగురని చెప్పే పోలీసు అధికారి, కరెంటు తగిలి ఒకరు పోయారంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే తెర మీద కనిపించేది నలుగురే. ఫైనల్ కట్‌లో ఇద్దరు పోయారని దిద్దారు. ఒక్కటే చూసేట్టయితే ఫైనల్ కట్ చూడండి.

ఫిలిప్ కె. డిక్ 1968 నవలతో పోల్చదలిస్తే ముందే తెలుసుకోండి: నవల జరిగేది లాస్ ఏంజెలెస్‌లో కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో. హీరోకు భార్య ఉంది, మేడ మీద కరెంటు గొర్రె ఉంది, నిజమైన జంతువును కొనాలన్న తపనే అతన్ని నడిపిస్తుంది. సినిమా పేరు కూడా ఆ నవలలోది కాదు, అలన్ ఇ. నర్స్ రాసిన వేరే నవల నుంచి హక్కులు కొని తీసుకున్నది. 2017లో వచ్చిన '2049' కొనసాగింపే తప్ప రీమేక్ కాదు.

ప్రశ్న: 'ఆదిత్య 369' హెచ్.జి. వెల్స్ 'టైమ్ మెషీన్'కు కాపీ అని మావాడు వాదిస్తున్నాడు. (డల్లాస్ నుంచి)

జవాబు: వెల్స్ నవల ప్రేరణ అని సింగీతం శ్రీనివాసరావు గారే చెప్పారు. ప్రేరణ దాటి ముందుకు పోతే మీవాడి వాదన నిలవదు. 1895 నాటి ఆ నవలలో ప్రయాణికుడు వెళ్ళేది భవిష్యత్తుకే. 1991 సినిమాకు ప్రాణమంతా 1526లో, రాయలవారి కాలంలో ఉంది. వజ్రం కథ, తెనాలి రామకృష్ణుడు, నర్తకి సింహనందిని, వీటి జాడ వెల్స్‌లో ఉండే ప్రసక్తే లేదు. 2504లో అణుధార్మికతకు భయపడి మనుషులు భూగర్భంలో బతకడం మాత్రం వెల్స్ పాతాళవాసులను గుర్తు చేస్తుంది, అదీ దూరం నుంచే.

తేడాల్లో మాకు ఇష్టమైనది యంత్రం పనితీరు. వెల్స్ యంత్రం కాలంలోనే కదులుతుంది, చోటు మారదు. 8,02,701వ సంవత్సరంలో మోర్లాక్‌లు (ఆ పాతాళవాసులే) దాన్ని కొంత దూరం ఈడ్చుకెళ్ళి సింహిక విగ్రహం పీఠంలో దాస్తారు. అందుకే అది తిరిగొచ్చేసరికి ప్రయోగశాలలో ఆగ్నేయ మూల నుంచి బయల్దేరినది వాయవ్య మూలన తేలుతుంది. రెండు మూలల మధ్య దూరం ఎంతో, పచ్చిక నుంచి పీఠానికి అంతే. 1960లో జార్జ్ పాల్ తీసిన సినిమా ఈ ఈడ్పు గుర్తులను చక్కగా వాడుకుంది. మన సినిమాలో యంత్రం ఎక్కినవాళ్ళు నేరుగా రాయల రాజ్యంలో దిగుతారు. వెల్స్ నియమం పెట్టుకుంటే ప్రయోగశాల ఉన్న చోటే దిగి, అక్కణ్ణించి ఎడ్లబండి మాట్లాడుకోవాల్సి వచ్చేది.

2002 రీమేక్ దర్శకుడు సైమన్ వెల్స్ స్వయానా రచయితకు మునిమనవడు. అయినా నవలకు దగ్గరైంది లేదు. చనిపోయిన ప్రియురాలిని బతికించుకోవాలన్న కారణం అందులో కలిపిందే, నవలలో ప్రయాణానికి కుతూహలం తప్ప కారణం లేదు. భవిష్యత్తులో ప్రయాణికుడికి దగ్గరైన వీనా నవలలో అడవి మంటల రాత్రి పోతుంది, 1960 సినిమాలో బతుకుతుంది. నవలలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం చివర్లో ఉంది: సూర్యుడు ఎర్రగా ఉబ్బిపోయిన సముద్రతీరం, రాకాసి పీతలు. ఈ రెండు సినిమాలూ దాన్ని వదిలేశాయి. పుస్తకం చదవడానికి అదొక్కటి చాలు.

ప్రశ్న: మా కాలేజీ ఫిల్మ్ క్లబ్ వెల్స్ కథతో తెలుగులో షార్ట్ ఫిల్మ్ తీసి యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటోంది. హక్కులు ఎవరినడగాలి? (తిరుపతి నుంచి)

జవాబు: మూల రచనకు ఎవరినీ అడగనక్కర్లేదు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. వెల్స్ 1946లో పోయాడు కనుక 2006 డిసెంబరుతో అయిపోయాయి. అమెరికాలోనూ 'టైమ్ మెషీన్', 'వార్ ఆఫ్ ద వరల్డ్స్' అందరి సొత్తే.

ఇబ్బందులు వచ్చేది వేరే చోట. ఒకటి, ఎవరో చేసిన తెలుగు అనువాదంలోని వాక్యాలు వాడితే ఆ అనువాదకుడి హక్కులు విడిగా లెక్కలోకి వస్తాయి. ఇంగ్లిష్ మూలం చదివి మీ సంభాషణలు మీరు రాసుకోండి. రెండు, వెనకాల పెద్ద చక్రం తిరిగే కుర్చీ బండి వెల్స్‌ది కాదు, 1960 సినిమాది. నవలలో ఉన్నది నికెల్, దంతం, స్ఫటికం ముక్కలు, రెండు మీటలు, కూర్చోవడానికి ఒక జీను, ఇంతే. మీ యంత్రం ఆకారం మీరే గీసుకోండి. అలాగే ప్రియురాలి కథ 2002 సినిమాది. మూడు, పాత సినిమా నేపథ్య సంగీతం ఒక్క పది సెకన్లు వాడినా యూట్యూబ్ యంత్రాంగం పట్టేస్తుంది.

క్యాంప్‌బెల్ మీద మనసు పడితే ఆగాలి: ఆయన 1971లో చనిపోయాడు, ఇక్కడ 2032 జనవరి దాకా హక్కులున్నాయి. 'సొలారిస్' నవల రాసిన స్తానిస్వాఫ్ లెమ్ 2006లో పోయాడు, ఆ ఆశ ఇప్పట్లో పెట్టుకోకండి.

ప్రశ్న: 1953 'వార్ ఆఫ్ ద వరల్డ్స్'లో అంగారక యంత్రాలకు కట్టిన తీగలు స్పష్టంగా కనిపించాయి. దీనికా ఆస్కార్ ఇచ్చారు? (రాజమహేంద్రవరం నుంచి)

జవాబు: ఆస్కార్ ఇచ్చినవాళ్ళకు అవి కనిపించలేదు. రాగి నమూనాలను సన్నటి తీగలకు వేలాడదీసి నడిపారు. అప్పటి ప్రింట్లు టెక్నికలర్ పద్ధతిలో రంగులను ఒకదానిమీద ఒకటి అద్ది తీసినవి. ఆ అద్దకంలో బొమ్మ అంచులు కాస్త మెత్తబడతాయి, తీగలు అందులో కలిసిపోతాయి. తర్వాతి కాలంలో వేరే ఫిల్ము మీదికి ఎక్కించినప్పుడు, ఆపైన డీవీడీకి మార్చినప్పుడు బొమ్మ పదునెక్కి వెలుతురు పెరిగింది, తీగలు బయటపడ్డాయి. 2018లో చేసిన 4కే పునరుద్ధరణలో రంగుల సమతూకం సరిచేసి తీగలను చెరిపేశారు. 2020లో క్రైటీరియన్ సంస్థ తెచ్చిన డిస్క్ అదే. పాత డీవీడీయే ఉంటే టీవీలో షార్ప్‌నెస్ సున్నాకు, బ్రైట్‌నెస్ రెండు మూడు మెట్లు కిందికి దించండి, చాలావరకు మాయమవుతాయి.

2005 రీమేక్‌లో స్పీల్‌బర్గ్ నవలలోని మూడుకాళ్ళ యంత్రాలను తిరిగి తెచ్చాడు. ఎర్రటి తీగమొక్కలనూ తెచ్చాడు. నేలమాళిగలో తలదాచుకునే ఓగిల్వీ పాత్ర, నవలలోని మతగురువునూ సైనికుడినీ కలిపి చేసినది, పేరు మాత్రం నవలలోని ఖగోళ శాస్త్రవేత్తది. ఇంత శ్రద్ధ పెట్టినవాడు యంత్రాలు ఎప్పుడో భూమిలో పాతిపెట్టి ఉన్నాయని ఎందుకు మార్చాడో అర్థం కాదు. ఊళ్ళకు ఊళ్ళు బావులు, సొరంగాలు తవ్విన మనుషుల్లో ఒక్కరికీ తగల్లేదా?

ప్రశ్న: తర్కోవ్‌స్కీ 'సొలారిస్' రెండుసార్లు మొదలుపెట్టి నిద్రపోయాను. 2002 రీమేక్ చూస్తే సరిపోతుందా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: సరిపోదు, కానీ ముందు అదే చూడండి. సోడర్‌బర్గ్ సినిమా 99 నిమిషాలు, 1972 నాటిది రెండు గంటల ముప్పావు పైనే. నవల దాదాపు మొత్తం అంతరిక్ష కేంద్రంలోనే జరుగుతుంది. తర్కోవ్‌స్కీ మాత్రం మొదట చాలాసేపు భూమి మీదే ఉంచుతాడు: చెరువు, నాన్నగారి ఇల్లు, టోక్యో రోడ్ల మీద కారు ప్రయాణం. మీరు నిద్రపోయింది అక్కడే అయి ఉంటుంది. సినిమా రెండు భాగాలుగా ఉంది. మొదటి భాగం అయ్యాక ఆపి, మిగతాది మర్నాడు చూడండి.

నవల రాసిన లెమ్‌కు 1972 సినిమా నచ్చలేదు. తర్కోవ్‌స్కీ తీసింది సొలారిస్ కాదు, 'నేరము – శిక్ష' అని ఆయన విసుక్కున్నాడు. సొలారిస్ గ్రహాన్ని కప్పిన సముద్రం గురించి శాస్త్రవేత్తలు తరాల తరబడి రాసిన సిద్ధాంతాలు, అవన్నీ ఎలా విఫలమయ్యాయో చెప్పే గ్రంథాలయం అధ్యాయాలు నవలకు గుండెకాయ. రెండు సినిమాలూ వాటి జోలికి పోలేదు. చదివేవాళ్ళు ఒకటి గమనించాలి: 1970 ఇంగ్లిష్ ప్రతి పోలిష్ నుంచి కాదు, ఫ్రెంచ్ అనువాదం నుంచి చేసింది. నేరుగా పోలిష్ నుంచి బిల్ జాన్‌స్టన్ చేసినది 2011లో వచ్చింది. అదే తీసుకోండి.

ప్రశ్న: మూలకథ దగ్గరికి వెళ్ళిన రీమేకే బాగుంటుందని మీరు తరచూ రాస్తారు. మరి 'ద ఫ్లై'? (విశాఖపట్నం నుంచి)

జవాబు: దెబ్బ కొట్టారు. జార్జ్ లాంగెలాన్ 1957 కథలోనూ 1958 సినిమాలోనూ, ఒక పెట్టెలో మాయమై ఇంకో పెట్టెలో తేలే యంత్రంలోకి మనిషితో పాటు ఈగ దూరడంతో, అతనికి ఈగ తల, కాలు అప్పటికప్పుడు అతుక్కుంటాయి. క్రోనెన్‌బర్గ్ 1986లో దాన్ని వదిలేసి, జన్యువులు కలిసిపోయి మనిషి రోజురోజుకూ మారడం చూపించాడు. మూలానికి ఆమడ దూరం వెళ్ళాడు, రెంటికంటే మెరుగైన సినిమా తీశాడు. అయితే ఆయన పాత సినిమాను నకలు కొట్టలేదు. రెండు పెట్టెలు, ఒక ఈగ అన్న బీజం మాత్రమే ఉంచుకుని మిగతాది కొత్తగా కట్టాడు. నలిగేవి ఇటు మూలకథకూ వెళ్ళక, అటు కొత్తగానూ కట్టక మధ్యలో ఉండేవే. 2008 నాటి 'ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్' 1951 సినిమానే పట్టుకు వేలాడింది. హ్యారీ బేట్స్ 1940 కథ తెరిచి ఉంటే, వచ్చిన ఇద్దరిలో యజమాని మనిషి ఆకారంలో ఉన్నవాడు కాదు, రోబోయే అన్న మలుపు ఇంకా ఎవరూ వాడుకోకుండా అక్కడే పడి ఉంది.

ప్రశ్న: 1956 'ఇన్వేజన్ ఆఫ్ ద బాడీ స్నాచర్స్' ముగింపు స్టూడియో ఒత్తిడితో మార్చారట. అసలు ముగింపు ఎక్కడ దొరుకుతుంది? (నెల్లూరు నుంచి)

జవాబు: మీ దగ్గరున్న ప్రతిలోనే ఉంది. డాన్ సీగెల్ తీసినదానికి స్టూడియో ముందొక ఆసుపత్రి దృశ్యం, వెనకొక ఆసుపత్రి దృశ్యం అతికించింది. మొదటి ఆసుపత్రి దృశ్యం దాటవేసి, డాక్టరు రైలు దిగే దగ్గర మొదలుపెట్టండి. చివర్లో అతను హైవే మీద కార్లకు అడ్డం పడి, కెమెరాలోకి చూస్తూ తర్వాతి వంతు మీదే అని అరిచే చోట ఆపేయండి. సీగెల్ ముగించాలనుకున్నది అక్కడే. అన్నట్టు, ఆ డాక్టరు వేసిన కెవిన్ మెకార్తీ 1978 రీమేక్‌లో కూడా రోడ్డు మీద కార్లకు అడ్డం పడి అరుస్తూ కాసేపు కనిపిస్తాడు. టాక్సీ డ్రైవరు వేషం సీగెల్‌ది.